బెత్తానికీ విల్లో చెట్టుకూ ఉన్న చుట్టరికం

హనుమకొండలో కొత్తగా క్రికెట్ బ్యాటు కొనుక్కున్న ఒక కుర్రవాడు, దానికి అంటించిన చీటీ మీది ‘కశ్మీర్ విల్లో’ అనే మాటను చూపించి, విల్లోను తెలుగులో ఏమంటారని అడిగాడు. ఏటిపాల అని చెప్పి ఊరుకోవచ్చు. ఏటి ఒడ్డున పెరిగే మన దేశపు విల్లో జాతికి అదే పేరు, తమిళులు కూడా దానిని అదే అర్థంలో ఆట్రుప్పాలై అంటారు. అయితే విల్లో చెట్టు పేర్ల కుటుంబానికి చెందిన మరో మాట వాడి ఇంట్లో పెద్దలందరికీ బడిరోజుల నుంచీ తెలుసు. అది బెత్తం.

మెలిపెట్టడం, వంచడం అనే అర్థమున్న ఒక ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి సంస్కృతంలో వేతసం, వేత్రం పుట్టాయి. ఇరాన్ వైపు అదే ధాతువు పార్సీల ప్రాచీన మతగ్రంథమైన అవెస్తా భాషలో ‘వఏతి’ అయి, పారశీకంలో ‘బీద్’గా, మన ఉర్దూలో ‘బేద్’గా మారి, విల్లో చెట్టుకే పేరుగా నిలిచింది; కొమ్మలు నేలకు వేలాడే విల్లోను ‘బేద్-ఎ-మజ్నూన్’ అంటారు. గ్రీకులో మొదటి వకారం రాలిపోయి ‘ఇతెఆ’ మిగిలింది. లాటిన్‌లో ‘వీతిస్’ ద్రాక్షతీగ అయింది. ఆంగ్లంలో తీగకు వాడే ‘వైర్’ కూడా ఈ ఇంటి బిడ్డే.

ఇక్కడ బకారం దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. పదాది వకారం పారశీకంలో బకారమవుతుంది. సంస్కృతంలోని వాతం అక్కడ ‘బాద్’. తెలుగు బెత్తానిది వేరే దారి: వేత్రం ప్రాకృతంలో ‘వెత్త’ అయి, తెలుగులోకి వచ్చాక, వైరాగి బైరాగి అయినట్లే, బెత్తమైంది. కాబట్టి బేద్, బెత్తం అక్కాచెల్లెళ్ల బిడ్డలే తప్ప, ఒకటి రెండో దానికి తల్లి కాదు. చెవికి ఒకేలా వినిపించిన ప్రతి రెండు మాటలకూ ముడిపెట్టేసే వారు మనలో చాలామంది ఉన్నారు కనుక, ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తున్నది.

మరి విల్లో పేరు పేము బెత్తానికి ఎలా వచ్చింది? ఆ పేరు మొదటి నుంచీ చెట్టుది కాదు, వంగే గుణానిది. అందుకే విల్లోలు అరుదైన చోట అది ప్రవాహానికి వంగి మళ్లీ లేచే ప్రబ్బలికి, అంటే పేముకు, అంటుకున్నది. రఘువు దండెత్తి వచ్చినప్పుడు సుహ్మ దేశంవారు ‘వైతసీ వృత్తి’ని, అంటే వేతసంలా వంగే తీరును, ఆశ్రయించి బతికిపోయారని కాళిదాసు రఘువంశంలో చెప్పిన పోలిక దీనినే చూపుతుంది. అమరకోశం వేతసానికి వంజులం, వానీరం అనే పర్యాయపదాలను కూడా ఇచ్చింది. తెలుగు బైబిలులోని ఒక కీర్తనలో, బబులోను నదుల ఒడ్డున సితారాలు తగిలించిన చెట్లు ‘నిరవంజి’ చెట్లు. ఆ కీర్తనను తలచుకునే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ వేలాడే విల్లోకు సాలిక్స్ బాబిలోనికా అని పేరు పెట్టాడు. ఆ చెట్టు పుట్టిల్లు చైనా.

ఆంగ్లపు ‘విల్లో’ అనే మాట మాత్రం ఈ వంశానిది కాదు. అది చుట్టడం, తిప్పడం అనే అర్థమున్న వేరొక ధాతువు నుంచి వచ్చింది. గ్రీకు ‘హెలిక్స్’ను, మన వలయాన్ని కూడా భాషావేత్తలు దాని పక్కనే పెడతారు. ఆకునూ పువ్వునూ వదిలేసి, పచ్చి కొమ్మను వేలికి ఉంగరంలా చుట్టి చూసినవాడే అక్కడ కూడా ఆ చెట్టుకు పేరు పెట్టాడన్నమాట.