చిత్త కింద ఒక కడ్డీ గెలాక్సీ

హస్త కార్తె, చిత్త కార్తె అని డెల్టా రైతు నోట నానే పేర్లు ఆకాశంలోని చుక్కలవే. కార్తె అంటే సూర్యుడు ఆ చుక్క దగ్గరుండే రోజులు, అందుకే అక్టోబరులో చిత్త కనపడదు. చూడాలంటే ఆర్నెల్లాగి చైత్రంలో చూడాలి. అప్పుడు చిత్తకి, చేయి చాచి పట్టుకున్న పిడికిలితో కొలిస్తే రెండు పిడికిళ్ల కింద, దాదాపు 1.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, మెస్సియే 83 అనే గెలాక్సీ ఉంటుంది.

ఇది సర్పిలాకార గెలాక్సీ, అంటే సుడి తిరిగిన నక్షత్రాల చేతులున్నది. చేతులు కేంద్రం నుంచి కాక, కేంద్రం మీదుగా సాగిన ఒక కడ్డీ కొసల నుంచి మొదలవుతాయి. కడ్డీ అంటే గట్టి వస్తువనుకోకండి. కోలగా సాగిన దారుల్లో తిరిగే నక్షత్రాలు ఒకే వరసలో పేరుకుంటే వచ్చిన ఆకారం అది. నక్షత్రాలు దూరదూరంగా ఉంటాయి కాబట్టి గుద్దుకోవు. వాయువు అలా కాదు. కడ్డీ ముందంచున వాయుమేఘాలు ఒకదాన్నొకటి గుద్దుకుని, తిరిగే జోరు తగ్గి, బోదెలో పడ్డ నీళ్లలా కేంద్రం వైపు జారతాయి. అక్కడ కొత్త నక్షత్రాలు గుంపులుగా పుడుతున్నాయి. చేతుల్లోనూ పుట్టుకలు ఎక్కువే, చావులూ ఎక్కువే: 1923 నుంచి 1983 దాకా ఇందులో ఆరు సూపర్‌నోవాలు, అంటే పేలిపోయిన నక్షత్రాలు, కనపడ్డాయి. మన పాలపుంతకీ ఇలాంటి కడ్డీ ఉంది, కానీ లోపలుండి చూస్తున్నాం కాబట్టి దాని రూపం కంటికి అందదు.

దీన్ని 1752లో ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు లకాయ్ దక్షిణాఫ్రికా కొస నుంచి కనిపెట్టాడు. పారిస్‌లో అది 11 డిగ్రీలకి మించి పైకి రాదు, తన జాబితాలో దీన్ని 83వదిగా రాసుకున్న మెస్సియే ఎంతో కష్టపడి చూశాడు. అమలాపురంలో 43 డిగ్రీలకి పైగా లేస్తుంది. ఇంత మంచి ఎత్తు దొరికి కూడా చూడకపోతే అన్యాయం.

చైత్ర పౌర్ణమికి మాత్రం వెళ్లకండి, చంద్రుడు చిత్త దగ్గరే ఉండి అంతా కడిగేస్తాడు. బహుళ దశమి నుంచి వైశాఖ శుద్ధ తదియ దాకా మంచి రోజులు. ఏప్రిల్ 20న రాత్రి పావు తక్కువ పన్నెండుకి, మే 15న పదింటికి గెలాక్సీ నడినెత్తి గీత మీద, సరిగ్గా దక్షిణాన ఉంటుంది. అంతర్వేది తీరం బాగుంటుంది, దక్షిణాన సముద్రమే కాబట్టి దీపాలుండవు. లోపలి ఊళ్లలో రొయ్యల చెరువుల లైట్లు, దాళ్వా కోతలయ్యాక దుబ్బులు తగలబెట్టిన పొగ రెండూ చెడగొడతాయి.

దక్షిణం వైపు తిరిగి చిత్త నుంచి పిడికిలి పైచిలుకు కిందకి దిగితే ఓ మాదిరిగా వెలిగే (వెలుగు లెక్కలో మూడో తరగతి) చుక్క ఒకటి, దానికి ఎడమగా, కాస్త కిందుగా, మరో పిడికిలి దూరాన అలాంటిదే ఇంకొకటి. ఆ రెంటినీ కలిపే గీతకి మూడు వేళ్ల కింద, మధ్యకి కొంచెం కుడిగా గెలాక్సీ. 7×50 బైనాక్యులర్‌లో గీతను పై అంచుకి పెడితే అది కింది సగంలోకి వస్తుంది.

చాలామంది ఇంకా కిందకి దిగి ఒమేగా సెంటారీని చూసి ఇదే అనుకుంటారు. అది బాగా వెలిగే గుండ్రటి నక్షత్రగుచ్ఛం, మన గెలాక్సీలోదే. మెస్సియే 83 మసక మరక, రంగుండదు. అరగంట ఫోన్ ముట్టకుండా చీకట్లో ఉండి, ఓరచూపుతో చూడాలి. సముద్రపు తేమకి కటకం మసకబారితే తుడవకండి, ఉప్పు గీతలు పడతాయి. మూత పెట్టి ఒళ్లో పెట్టుకుంటే ఆ వెచ్చదనానికి ఆరుతుంది.

ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ దొరికితే మరక మధ్యలో చుక్కంత కేంద్రం, దానికి అటూ ఇటూ సన్నని కోల వెలుగు కనపడతాయి. ఆ కోల వెలుగే కడ్డీ.