మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ గొడవ వెనక కథ

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ వాళ్ళు రెండు పేరున్న ఇండియన్ బ్రాండ్ల మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ దొరికిందని అమ్మకాలు ఆపించారు, అప్పట్నుంచే మనలో చాలామందికి ఈ పేరు తెలిసింది గానీ గ్యాస్ చాలా పాతది. 1859లో ఫ్రాన్స్‌లో వుర్ట్జ్ అనే కెమిస్ట్ తయారు చేశాడు, 1931లో లెఫోర్ అనే ఇంకో ఫ్రెంచాయన వెండి క్యాటలిస్ట్ (రసాయన చర్యని వేగం చేసేది) మీద ఇథిలీన్‌ని నేరుగా ఆక్సిజన్‌తో కలిపి దీన్ని తయారుచేసే దారి చూపించాడు. ఇప్పుడు ఎక్కువ భాగం పాలిస్టర్ బట్టలకీ బండి కూలెంట్‌కీ పోతుంది.

దీని మాలిక్యూల్ మూడు పరమాణువుల చిన్న రింగు, బలవంతంగా వంచికట్టిన వెదురుబద్దలా ఎప్పుడు విడిపోదామా అన్నట్టుంటుంది, క్రిమి డీఎన్‌ఏ తగిలిందా తెరుచుకుని దానికి అతుక్కుపోతుంది, క్రిమి చస్తుంది. మన కణాల్లోనూ చేసేది అదే పని, అందుకే 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దీన్ని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది.

మరి మసాలాల్లోకి ఎందుకు? గుంటూరు మిర్చి కల్లాల్లో ఆరుబయట ఎండుతుంది, దుమ్ము పడుతుంది, పిట్టలు వాల్తాయి, సాల్మొనెల్లా లాంటి రోగాలు తెచ్చే బ్యాక్టీరియా చేరొచ్చు. ఆవిరి పెడితే రంగూ ఘాటూ కొంత తగ్గే భయం, ఈ గ్యాస్ అయితే పెద్దగా వేడి లేకుండానే లోపలిదాకా దూరుతుంది. తర్వాత ఎగిరిపోతుంది నిజమే కానీ కొంత సరుకులోని క్లోరైడ్‌తో కలిసి 2-క్లోరోఇథనాల్ అనే ఇంకో రసాయనంగా మిగిలిపోతుంది. యూరప్ రెండూ కలిపి లెక్కేసి మసాలాల్లో కిలోకి 0.1 మిల్లీగ్రాము దాటొద్దంటుంది, అమెరికా ఒక్క ఇథిలీన్ ఆక్సైడ్‌కే 7 దాకా ఒప్పుకుంటుంది, అంటే ఒకే బస్తా ఒకచోట పాస్, ఇంకోచోట రిజెక్ట్. 2020లో మన నువ్వులు యూరప్‌లో ఇరుక్కుంది ఈ గ్యాస్ వల్లే.

నాకు బాధేంటంటే గోలంతా ప్యాకెట్ చుట్టూనే తిరుగుతోంది, దీన్ని రోజూ పీల్చేవాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ. వేడి తట్టుకోలేని క్యాథెటర్లు, ట్యూబులు స్టెరిలైజ్ చేయాలంటే హాస్పిటళ్ళకి ఇది కావాలి, అమెరికాలో మెడికల్ డివైజుల్లో దాదాపు సగం దీంతోనే అవుతాయి కాబట్టి ఒక్కరోజులో మానేయలేం. అక్కడే ఇల్లినాయిలోని విల్లోబ్రూక్‌లో ఇలా స్టెరిలైజ్ చేసే ప్లాంట్ వదిలే గాలి మీద చుట్టుపక్కల జనం పోరాడితే 2019లో మూతపడింది. గాలిలో 3 శాతం ఉంటే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది, అసలు గాలి లేకపోయినా పేలగలదు. అన్నిటికన్నా దారుణం, వాసన ముక్కుకి తెలిసేసరికి వందల పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలో చెప్పే లెక్క) దాటిపోయుంటుంది, అమెరికాలో వర్కర్లకి 8 గంటల సగటు లిమిటేమో 1 పీపీఎం.