ఇనూట్ శిల్పాలు: అపోహలు, వాస్తవాలు

కెనడా ఉత్తరాన మంచు ప్రాంతాల్లో ఉండే ఆదివాసులే ఇనూట్‌లు. అక్కడి ఒక ఆర్ట్ గ్యాలరీలో వాళ్ల శిల్పాల బాగోగులు చూడటం నా పని. దుమ్ము దులపడం నుంచి ఏది ఎవరు చెక్కారో రికార్డు రాయడం దాకా నేనే చూస్తాను. ఈమధ్య కొనడానికి మనవాళ్లు కూడా బాగా వస్తున్నారు. వాళ్ల నోట తరచూ వినే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: ‘ఎస్కిమో’ అనకండి. ఇక్కడ చాలామందికి అది అవమానంగా తగులుతుంది.

అపోహ: అన్నీ సోప్‌స్టోన్ బొమ్మలే.

వాస్తవం: సోప్‌స్టోన్ అంటే మన బలపం రాయి. చారు కాచుకునే రాచిప్ప దాంతో చేసిందే. ఇనూట్‌లు కూడా తరతరాలుగా ఆ రాయితోనే వంటపాత్రలు, సీల్ కొవ్వుతో వెలిగే ‘కుల్లిక్’ అనే దీపాలు తొలుచుకున్నారు. నిప్పుసెగకు తట్టుకుంటుంది, వేడి నిలుపుకుంటుంది. మనవాళ్లు రాచిప్పకు ఆ రాయినే ఎంచుకున్నది కూడా అందుకే. కానీ శిల్పాల సంగతి వేరు. కింగైట్ ఊరి నుంచి వచ్చే పచ్చటి శిల్పాలు ఎక్కువగా సర్పెంటైన్ రాయివి. మెత్తటి బలపం రాయి మీద గోటితో గీస్తే గీత పడుతుంది, సర్పెంటైన్ మీద పడదు. ఇవి కాక తిమింగలం ఎముక, వాల్రస్ అనే సముద్ర జంతువు దంతం, కారిబూ అనే ఉత్తరాది జింక కొమ్ము కూడా వాడతారు. తలోయోక్ ఊరికి చెందిన కరూ అషెవాక్ (1940–1974) తిమింగలం ఎముకతో చేసిన ఆత్మల రూపాల ముందు నిలబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: వేల ఏళ్లుగా ఇలాగే చెక్కుతున్నారు.

వాస్తవం: చెక్కడం పాతదే. ఇనూట్‌ల కంటే ముందు ఆ నేల మీద బతికిన డోర్సెట్ ప్రజలు దంతంతో, కొమ్ముతో అరచేతిలో ఇమిడే ఎలుగుబంట్లు చేశారు. వేట కోసం ఊళ్లు మారేవాళ్లు బరువైన రాతిబొమ్మలు ఎక్కడని మోస్తారు? అమ్మకానికి పెద్ద రాతి శిల్పాలు చెక్కడం ఊపందుకున్నది మాత్రం 1940ల చివర్లో. ఇనూట్‌లు అమ్ముకునే నక్క చర్మాల ధర పడిపోయి ఇల్లు గడవని రోజులవి. 1948లో జేమ్స్ హ్యూస్టన్ అనే చిత్రకారుడు ఇనుక్‌జువాక్ అనే ఇనూట్ ఊరికి వెళ్లి కొన్ని శిల్పాలు తెచ్చాడు. మరుసటి ఏడాది నవంబరులో మాంట్రియల్‌లో పెట్టిన ప్రదర్శనలో మూడు రోజుల్లో అన్నీ అమ్ముడుపోయాయి. పూట గడవడానికి చెక్కారు కాబట్టి అది అసలైన కళ కాదనే వాదన నాకు అస్సలు మింగుడుపడదు.

అపోహ: ఇది జానపద కళ. చెక్కినవాళ్ల పేర్లు ఉండవు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పాత శిల్పం ఏదైనా చేతికొస్తే ముందు దాన్ని మెత్తటి ఫోమ్ మీద పక్కకు ఒరిగించి, అడుగున టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుంటాను. సన్నటి గీతలు లేచి కనిపిస్తాయి. కొన్నిసార్లు వాళ్ల భాష ఇనుక్టిటుట్ లిపిలో పేరు, కొన్నిసార్లు ‘E7’ అని మొదలయ్యే ఒక నంబరు. ఇనూట్ పేర్లు రాసుకోవడం కష్టమని 1940ల్లో ప్రభుత్వం మనిషికో నంబరు ఇచ్చి, అది చెక్కిన బిళ్ల మెడలో వేసుకోమంది. 1970 ప్రాంతంలో ఇంటిపేర్లు నమోదు చేసేదాకా అదే నడిచింది. పేరు ఉండాల్సిన చోట ఆ అంకెలు వేలికి తగిలితే గుండె బరువెక్కుతుంది. ఆ నంబరు పట్టుకుని పాత జాబితాలు వెతికి మనిషి పేరు రికార్డులో రాసినప్పుడే నా పని పూర్తయినట్టు.

చెక్కేది మగవాళ్లే అనుకోవడమూ పొరపాటే. ఓవిలూ టున్నిల్లీ (1949–2014) చిన్నతనంలో క్షయతో ఇంటికి దూరంగా దక్షిణ కెనడా ఆసుపత్రుల్లో ఏళ్లు గడిపింది. పెద్దయ్యాక ఆ జ్ఞాపకాలనే రాతిలో చెక్కింది.

అపోహ: చేతి ఉలితో చెక్కితేనే అసలు.

వాస్తవం: ఇప్పుడు చాలామంది యాంగిల్ గ్రైండర్ వాడతారు. రాతిపొడి ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి మాస్కు పెట్టుకుని, గడ్డకట్టే చలిలోనూ ఆరుబయటే పనిచేస్తారు.

అపోహ: నూనె రాస్తే నిగనిగలాడుతుంది.

వాస్తవం: గుళ్లో నూనె పట్టించిన నల్లరాతి విగ్రహాన్ని చూసిన అలవాటు మనది. ఒకాయన ఎలుగుబంటి శిల్పానికి నెలనెలా కొబ్బరినూనె పట్టించి తెచ్చారు, గీతల నిండా జిడ్డు, మురికి. శిల్పానికి ఉండే నునుపు తడి గరుకు కాగితంతో ఓపిగ్గా రుద్దితే వచ్చింది, పైన మైనం పూత ఉంటుంది. మీరు మెత్తటి బ్రష్‌తో దుమ్ము తుడిస్తే చాలు. ఎముకతో చేసిందైతే హీటర్ పక్కన పెట్టకండి, పగుళ్లిస్తుంది.

కొనేటప్పుడు ఇగ్లూ బొమ్మ ఉన్న ట్యాగ్ అడగండి. 1958లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ గుర్తును 2017 నుంచి ఇనూట్ ఆర్ట్ ఫౌండేషన్ చూసుకుంటోంది. రెసిన్ అచ్చు బొమ్మలకు అది ఉండదు. అమెరికాలో ఉండే మనవాళ్లు తిమింగలం ఎముక, వాల్రస్ దంతం శిల్పాలు కొనేముందు ఆగండి. 1972 నాటి చట్టం ప్రకారం సాధారణంగా వాటిని సరిహద్దు దాటించనివ్వరు.