మెనూలో కనిపించకపోతే లైనక్స్ పోయినట్టు కాదు

"సార్, ఉబుంటు పక్కన డెబియన్ వేశాను. ఉబుంటు ఎగిరిపోయింది." ఉబుంటు, డెబియన్ రెండూ లైనక్స్ రకాలే. లైనక్స్ సిస్టమ్‌లు చూసే పనిలో ఉన్న నాకు ఈ ఫోన్ వస్తూనే ఉంటుంది. అవతలివాళ్ల టెన్షన్ గొంతులోనే తెలిసిపోతుంది. నేను ముందు చెప్పే మాట ఒకటే: ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయకండి, ఏదీ ఫార్మాట్ కొట్టకండి.

రెండోది వేసినప్పుడు మొదటి దాని పార్టిషన్‌ను, అంటే డిస్క్‌లో అది ఉన్న భాగాన్ని, మీరు ఫార్మాట్‌కి టిక్ పెట్టకపోతే అది ఎక్కడికీ పోదు. ఆన్ చేయగానే ఏ సిస్టమ్ తెరవాలో మెనూ చూపించే బూట్‌లోడర్ పేరు గ్రబ్. కంప్యూటర్ ఇప్పుడు కొత్త గ్రబ్‌తో లేస్తోంది, దాని జాబితాలో పాతది లేదు, అంతే. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. డెబియన్‌లోకి వెళ్లి, ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ ఉందో లేదో చూసుకోండి. ఈటీసీ కింద డీఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్ తెరిచి, గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్ అనే లైన్‌కి ఫాల్స్ అని ఇచ్చి, సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) అప్‌డేట్-గ్రబ్ కమాండ్ కొట్టండి. టెర్మినల్‌లో 'ఫౌండ్ ఉబుంటు' అన్న లైన్ పడుతుంది. అది చూసి ఫోన్‌లోనే ఏడ్చేసినవాళ్లు ఉన్నారు.

ఒకాయన మాత్రం నాకు ఆలస్యంగా ఫోన్ చేశారు. మెనూలో లేదంటే డిస్క్ మీద కూడా లేనట్టేనని ఎవరో చెప్పారట. అది నమ్మి ఉబుంటును అదే పార్టిషన్‌లో ఫార్మాట్ చేసి మళ్లీ వేశారు. పిల్లల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్క లైన్ మారిస్తే సరిపోయేది. ఇలాంటి పుకార్లు పుట్టించేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకసారి సెట్ చేస్తే ఇక చూడక్కర్లేదన్నదీ నిజం కాదు. ఉబుంటులో కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ అయితే ఆ సంగతి డెబియన్ గ్రబ్‌కు తెలియదు. డెబియన్‌లోకి వెళ్లి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. లేదా ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్ అనే కమాండ్‌తో బూట్ వరుస మార్చి, ఎక్కువ వాడే సిస్టమ్ గ్రబ్‌నే ముందు పెట్టుకోండి.

బూట్ ఫైళ్లు ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్లు రెండింటికీ రెండు అక్కర్లేదు. ఒక్కటి చాలు, దేని ఫోల్డర్ దానికి ఉంటుంది. రెండు ఉబుంటులే వేస్తే మాత్రం ఫోల్డర్ పేరు ఒకటే కాబట్టి రెండోది మొదటిదాని ఫైళ్ల మీద రాసేస్తుంది.

ఇంకోటి, స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు సిస్టమ్ వాడుకునే డిస్క్ భాగం. రెండో ఇన్‌స్టాలర్ దాన్ని ఫార్మాట్ చేస్తే దాని యూయూఐడీ, అంటే గుర్తింపు నంబర్, మారుతుంది; మొదటి సిస్టమ్ పాత నంబర్ కోసమే వెతుకుతూ ఆగుతుంది. నా సొంత ల్యాప్‌టాప్‌లోనే ఇది జరిగింది. బూట్ అయ్యేటప్పుడు నల్లటి తెర మీద 'స్టార్ట్ జాబ్' లైన్, పక్కన 90 సెకన్ల లెక్క. రెండు రోజులు బూట్‌లోడర్‌నే అనుమానించాను. చివరికి బీఎల్‌కేఐడీ కమాండ్‌తో కొత్త యూయూఐడీ చూసి, బూట్‌లో ఏ డిస్క్ భాగాలు కలపాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో మార్చాక నేరుగా లాగిన్ తెర వచ్చింది.