పాత మోటారు, పాత బెల్టు: కలిపితే కొత్త లిఫ్టేనా?

హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్ల మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన లిఫ్టు మెషిన్ రూము కనిపిస్తుంది. కొత్త భవనాల్లో చాలాచోట్ల ఆ గది లేదు. ఫిన్లాండ్ సంస్థ కోనే 1996లో శాశ్వత అయస్కాంతాలతో పనిచేసే పలుచని గేర్‌లెస్ (గేర్లు లేని) మోటారును లిఫ్టు నడిచే షాఫ్టులోనే బిగించింది. 2000లో ఓటిస్ ఉక్కు తాళ్లకు బదులు పాలీయురెథేన్ పూసిన చదునైన బెల్టులు తెచ్చింది. బెల్టు తేలిగ్గా వంగుతుంది కాబట్టి కప్పీ చిన్నదైంది, మోటారూ చిన్నదైంది.

గేర్‌లెస్ యంత్రాలు 1903 నాటికే ఉన్నాయి. అయస్కాంత మోటారూ పాతదే. మరి పాతవాటిని జోడించినవారికి పేటెంటు ఎందుకివ్వాలి?

ఈ ప్రశ్న లిఫ్టులతో పుట్టలేదు. తలుపు పిడిని లోహానికి బదులు మట్టితో చేస్తే అది నేర్పరి పనివాడి పనే తప్ప ఆవిష్కరణ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1851లోనే తేల్చింది. 1952లో ఆ సూత్రం అక్కడి పేటెంటు చట్టంలోకి ఎక్కింది. తర్వాత అక్కడి అప్పీలు కోర్టు, రెండు పాత డిజైన్లను కలపమనే సూచన ఎక్కడుందో చూపమని పట్టుబట్టసాగింది. కారు పెడల్‌కు సెన్సార్ అమర్చిన కేసులో, 2007లో, సుప్రీంకోర్టు ఆ బిగింపును సడలించింది: ఆ రంగంలోని నిపుణుడు మరమనిషి కాడు, తనంతట తానూ ఆలోచిస్తాడు. పేటెంటుదారులకు అది గట్టి దెబ్బే.

మన దగ్గర మూలం గిన్నెల తయారీ కేసు. పాత్రలు సానబెట్టే లేతు యంత్రంలో చేసిన మార్పు కేవలం వర్క్‌షాపు స్థాయి మెరుగుదల అని సుప్రీంకోర్టు 1978లో పేటెంటును కొట్టేసింది. విడివిడిగా పనిచేసే పాత పరికరాలను పక్కపక్కన పేర్చితే చాలదని మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) చెబుతుంది. నిపుణుడికి అది సహజంగా తట్టేదా అన్నది వేరే ప్రశ్న; దానికి సెక్షన్ 2(1)(జెఎ). వాదనల్లో ఈ రెండూ తరచూ కలగలిసిపోతాయి.

హైదరాబాద్ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయానికి వెళ్తాయి. పేటెంటు మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. పాత మోటారుకు పాత బెల్టు జోడించిన దరఖాస్తైతే, కప్పీ వ్యాసం తగ్గితే కావలసిన టార్క్ (తిప్పే బలం) తగ్గుతుందని ఏ ఇంజినీరుకైనా తెలుసునని అభ్యంతరం చెప్పేవారు అంటారు. మరి ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు చేయలేదని దరఖాస్తుదారు అడుగుతాడు. ఫలితం చూశాక ఏదైనా సులువుగానే తోస్తుంది కాబట్టి ఈ ప్రశ్నను తీసిపారేయలేం. ఆవిష్కరణ లేదంటూ తిరస్కరించే అధికారి అంతకుముందే వెలువడిన పత్రంలో ఏముంది, దరఖాస్తులో ఏముంది, ఒకదాన్నుంచి మరొకటి ఎలా తడుతుంది అన్న మూడూ చర్చించాలని ఢిల్లీ హైకోర్టు 2022లో చెప్పింది. అసలు కష్టం మూడోదానిలోనే.