థాల్కుడి ఆకూ, మా పిన్ని మరపూ

మా బరంపురం తెలుగిళ్లలో ఒక సౌకర్యం ఉంది. మాట తెలుగులో తట్టకపోతే ఒడియాలో అనేస్తాం, ఎవరూ పట్టించుకోరు. రొమ్ము క్యాన్సర్‌కి ఆరు కీమోలు అయ్యాక మా పిన్నికి ఆ సౌకర్యం కూడా పోయింది. పులుసు పెడుతూ ఏదో అందుకోమని చెప్పబోయి ఆగిపోయింది. చింతపండూ రాలేదు, తెంతులీ రాలేదు. "అదేరా, పుల్లగా ఉంటుందే..." అంటూ చేత్తో పిసికి చూపించింది.

డాక్టర్లు దీన్ని కీమో బ్రెయిన్ అంటారు. తెలిసిన మాటే నాలుక మీదకి రాదు. పొయ్యి మీద పాలుండగా ఫోన్ మాట్లాడితే పాలు పొంగిపోతాయి. మందు మెదడుని తినేసిందని పిన్ని భయం. నిజానికి ఆమెకి ఎక్కించిన ఎర్రమందు, అంటే డాక్సోరుబిసిన్, మెదడులోకి పెద్దగా వెళ్లదు. రక్తానికీ మెదడుకీ మధ్య కాపలా కాసే పొర ఒకటుంది, అది చాలావరకు ఆపేస్తుంది. అయితే ఆ మందు వల్ల రక్తంలో వాపు పుట్టించే రసాయనాలు పెరుగుతాయి, వాటిలో కొన్ని ఆ పొర దాటగలవు. వీటికి తోడు రక్తం తగ్గడం, నిద్ర పట్టకపోవడం, నెలసరి ఉన్నట్టుండి ఆగిపోవడం, జబ్బు మళ్లీ వస్తుందేమోనన్న టెన్షన్. చాలామందికి నెలల్లో, ఏడాదిలో సర్దుకుంటుంది. కొందరికి ఏళ్లు పడుతుంది.

పిన్ని సంగతి తెలియగానే వీధంతా వైద్యులైపోయారు. అందరి నోటా ఒకటే మాట: బ్రాహ్మి. బజారులో కట్టలు కట్టి అమ్మే థాల్కుడి తెచ్చి పచ్చడి నూరారు. ఇక్కడే ఒక తిరకాసు. థాల్కుడి అంటే మన సరస్వతి ఆకు: నేల మీద పాకుతుంది, గుండ్రటి ఆకు, అంచున నొక్కులు. నీటి బ్రాహ్మి వేరే మొక్క. దాని ఆకులు చిన్నవి, దళసరివి, చిత్తడి నేలలో పెరుగుతుంది. రెండింటినీ బ్రాహ్మి అనే పిలవడం దేశంలో చాలాచోట్ల ఉంది. జ్ఞాపకశక్తి మీద ఎక్కువ పరీక్షలు జరిగింది నీటి బ్రాహ్మి మీద. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాని సారాన్ని మందుగా తయారుచేసింది కూడా. రోజుకి 300 మిల్లీగ్రాముల చొప్పున సుమారు మూడు నెలలు వాడినవాళ్లలో కొన్ని పరీక్షల్లో కొంత మేలు కనిపించింది. కానీ వాళ్లు ఆరోగ్యవంతులు, కీమో చేయించుకున్నవాళ్లు కారు. థాల్కుడి పచ్చడి మటుకు రుచిగా ఉంటుంది, తినొచ్చు. కీమో వల్ల రోగాన్ని అడ్డుకునే తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో మాత్రం కాలవగట్టు ఆకుని పచ్చిగా నూరొద్దు, ఉడికించాలి.

క్యాప్సూళ్ల విషయంలో నాకు అంత ఓర్పు లేదు. జ్ఞాపకశక్తికని జింకో అనే చెట్టు ఆకుల సారంతో అమ్మే బిళ్లల్ని అమెరికాలో కీమో తీసుకుంటున్న మహిళలకే ఇచ్చి చూశారు, 60 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. 2013లో ఫలితం చెప్పారు: మందు లేని ఉత్తి బిళ్లకీ దానికీ తేడా లేదు. డబ్బు పోవడమొక్కటే అయితే సరే అనుకోవచ్చు. 2020లో వచ్చిన ఇంకో అమెరికా అధ్యయనంలో, కీమోకి ముందూ కీమో జరుగుతుండగా కూడా విటమిన్ ఎ, సి, ఇ లాంటివి వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగానే కనిపించింది. బిళ్లల వల్లేనని అది తేల్చలేదు గానీ, నాకైతే ఆ హెచ్చరిక చాలు. కూరలో పసుపుకి భయం లేదు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్ మాత్రం రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ వాడేవాళ్ల రక్తంలో ఆ మందు మోతాదుని తగ్గించినట్టు నెదర్లాండ్స్‌లో 2019లో చూశారు.

పిన్నికి అసలు పనికొచ్చింది రక్తపరీక్ష. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా మింగుతోంది. ఆ బిళ్ల విటమిన్ బి12ని ఒంటికి సరిగా పట్టనివ్వదు, బి12 తగ్గితే కీమో లేకపోయినా మతిమరుపు రావచ్చు. ఆమెకి తక్కువే ఉంది, హిమోగ్లోబిన్ కూడా. కీమో ముగిసింది కాబట్టి డాక్టరు ఇంజెక్షన్లు రాశారు. థైరాయిడ్ కూడా చూపించుకోవాల్సిందే. లోటుంటే పూడ్చడం వైద్యం. లోటు లేకుండా మింగితే అది ఖర్చు.

ఇక వంటింట్లో కొత్తగా కొనాల్సింది పెద్దగా లేదు. గోపాలపూర్ నోలియాలు, అంటే అక్కడి జాలర్లు, తెచ్చే కవళ్ల చేపల్లో మెదడు కణాల పొరల్లో ఉండే కొవ్వే ఉంటుంది. అవిసెల్లో ఉన్నది దాని ముడిసరుకు లాంటిది, మన ఒళ్లు అందులో కొంచెమే మార్చుకోగలదు. చేప తింటే కీమో మరపు పోతుందని గట్టి రుజువు లేదు. అయినా చోడి అంబలి, మునగాకు, కూరముక్కలేసిన డాల్మా పప్పు, వారానికి రెండు పూటలు చేప అంటే ఒంటికి మంచిదే కదా. నడకకి మాత్రం వీటన్నిటికంటే మెరుగైన సాక్ష్యం ఉంది. పిన్నిని నడకకి ఒప్పించడానికి పక్కింటి మావుసీని తోడు పెట్టాల్సొచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరూ నడిచొస్తూ కూరలు తెస్తారు. చేతిలో చీటీ ఉంటుంది. పిన్ని చదివింది ఒడియా బడిలో. అందుకని మాటలు తెలుగువి, అక్షరాలు ఒడియావి. మొదటి వరసలో ఎప్పుడూ చింతపండే, ఇంట్లో ఉన్నా సరే.