జాగీర్ల రద్దు: జపాన్‌లో 1871, హైదరాబాద్‌లో 1949
హైదరాబాద్ శివార్లలో ఎకరం కొందామని వెళ్తే లాయరు ముందుగా అడిగేది రేటు కాదు. ఇది పట్టా భూమేనా, సర్ఫెఖాసా (నిజాం సొంత భూమి), జాగీరా (శిస్తు హక్కుతో దొరలకు ఇచ్చిన ఊళ్లు), ఇనామా (బహుమానంగా ఇచ్చిన భూమి) అని. నిజాం పాలన పోయి 75 ఏళ్లు దాటినా ఆ మాటలు మన ఫైళ్లను వదల్లేదు. ఎందుకు వదల్లేదో తెలియాలంటే 19వ శతాబ్దంలో మిగతా దేశాలు, భూమి మీద దొరల పెత్తనమనే ఇదే చిక్కును ఎలా విప్పుకున్నాయో చూడాలి.

1853లో హైదరాబాద్ దివాన్ (ప్రధానమంత్రి) అయిన మొదటి సాలార్‌జంగ్ గట్టి పనిమంతుడు. శిస్తు వసూలును గుత్తకు తీసుకున్నవాళ్లను తప్పించి, 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే జిల్లాబందీ తెచ్చి, జీతం మీద తాలూక్‌దార్లనే జిల్లా అధికారులను పెట్టాడు. కానీ ఆయన మాట చెల్లింది ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసే దివానీ ఇలాకాలోనే, అంటే రాజ్యంలో సుమారు 60 శాతం మీదే. మిగతాది నిజాం సొంత సర్ఫెఖాస్, పాయ్‌గాలు (నిజాంకు సైన్యాన్ని పోషించే కుటుంబాల ఎస్టేట్లు), జాగీర్లు. వాటి జోలికి ఆయన పోలేదు. పోగలిగేవాడూ కాదేమో!

జపాన్ మాత్రం అలాంటివాటి జోలికి పోయింది. 1871లో ఒక్క ఉత్తర్వుతో డైమ్యోల (అక్కడి సామంత ప్రభువుల) సంస్థానాలన్నీ రద్దు చేసి, ప్రభుత్వం నియమించిన అధికారుల కింద పెట్టింది. 1873లో భూమికి హక్కు పత్రాలిచ్చి, దాని విలువలో 3 శాతం పన్నును నగదుగా కట్టమంది. రైతులు తిరగబడితే 1877లో దాన్ని 2.5 శాతానికి దించింది. సమురాయ్‌ల (వాళ్ల కొలువులోని యోధుల) భరణాలను బాండ్లుగా మార్చి చేతులు దులుపుకుంది.

రష్యాలో రైతులను దొరల భూమికి కట్టిపడేసిన అర్ధబానిసత్వం 1861లో పోయింది గానీ, తమకిచ్చిన భూమికి రైతులు 1907 దాకా వాయిదాలు కడుతూనే ఉన్నారు.

మన కథకు దగ్గరగా ఉండేది ఒట్టోమన్ రాజ్యం. 1858 భూ చట్టం ప్రకారం సాగుదారు తన పేరు రాయించుకోవచ్చు. పేరెక్కితే పన్ను పడుతుంది, కొడుకును సైన్యంలోకి లాక్కుపోతారు అన్న భయంతో చాలాచోట్ల రైతులు వెనక్కి తగ్గారు. ఊరి షేకులు, పట్నం పెద్దలు తమ పేర్లు రాయించుకున్నారు. తెలంగాణలోనూ అంతే. లెక్కలు తెలిసిన దేశ్‌ముఖులు (వంశపారంపర్యంగా శిస్తు వసూలు చేసిన దొరలు) రైతుల భూములను తమ పట్టాలో కలిపేసుకున్నారు. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలుండేవని చెబుతారు. అది దివానీలో సంగతి. అంటే సంస్కరణ జరిగినచోట కూడా కాగితం ఎవరి చేతిలో ఉందో భూమి వాళ్లదే అయింది.

నిజాం ప్రభుత్వానికి జపాన్ తెలియనిదేం కాదు. విద్యాశాఖ అధిపతి రాస్ మసూద్ 1922లో అక్కడికి వెళ్లి, చదువుల ఏర్పాట్లు చూసి పుస్తకమే రాశాడు. బడుల గురించి అడిగిన ప్రభుత్వం జాగీర్ల గురించి మాత్రం అడగలేదు.

అయితే జపాన్‌ను మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. అక్కడా కౌలు పెరిగిపోయింది. దున్నేవాడికి భూమి దక్కింది యుద్ధంలో ఓడి, అమెరికా సైన్యం వచ్చాక 1946లో మొదలైన సంస్కరణతో. ఇక్కడ సాయుధ పోరాటం రాజుకున్నదీ అదే ఏడాది.

1948లో భారత సైన్యం హైదరాబాద్‌ను స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య తర్వాత 1949లో సర్ఫెఖాస్‌ను దివానీలో కలిపి, జాగీర్లు రద్దు చేశారు. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారుగా (చట్టం రక్షణ ఉన్న కౌలుదారుగా) నమోదైనవాడికి యాజమాన్యం ఇచ్చే, ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ అమలయ్యేసరికి 1970లు వచ్చాయి. ఈలోగా ఎన్నో భూములు చేతులు మారిపోయాయి. కౌలుదారు మనవల దగ్గర 38-ఇ సర్టిఫికెట్, పట్టాదారు వారసుల దగ్గర కొన్నవాళ్ల చేతిలో రిజిస్ట్రేషన్ దస్తావేజు: కోర్టుకెక్కుతున్న చాలా కేసుల్లో తగువు ఈ రెండు కాగితాలదే.